వేట, కసాయి, కటిక: మాంసం కొట్టు మాటల వెనక మన చరిత్ర

పోస్టు పెద్దదే, కొంచెం ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మన ఏజెన్సీ పిల్లలు చాలామంది ఇంటర్‌కో డిగ్రీకో మైదానానికి దిగుతారు. రంపచోడవరం, మారేడుమిల్లి, వై.రామవరం వైపు నుంచి వచ్చినవాళ్లు రాజమండ్రిలోనో కాకినాడలోనో అమలాపురంలోనో హాస్టల్లో చేరతారు. చేరిన మొదటి నెలలోనే ఎవడో ఒకడు అడుగుతాడు, "మీరు అడవిలో వేటాడి తింటారంట కదా?" అని. అడగడంలోనే ఒక నవ్వు ఉంటుంది. అదే కుర్రాడు ఆదివారం ఇంటికి వెళ్తే వాళ్ల నాన్న "ఇవాళ వేట మాంసం తెచ్చాను" అంటాడు. అక్కడ మాత్రం ఎవరూ నవ్వరు, అందరూ కంచాల ముందు కూర్చుంటారు.

రెండు చోట్లా ఉన్నది ఒకే మాట, వేట. ఒక చోట అది ఎగతాళి, ఇంకో చోట విందు. ఎందుకిలా అయింది అన్నదే ఈ పోస్టు.

కోనసీమలో వేట అంటే మేక

అమలాపురం, రాజోలు, కొత్తపేట సంతల్లో తిరిగినవాళ్లకి ఈ వాడుక తెలుసు. మేక మాంసానికీ గొర్రె మాంసానికీ అక్కడ వేట మాంసం అని పేరు. కృష్ణా, గోదావరి జిల్లాలన్నిటా ఇదే వాడుక. అమ్మవారి జాతరకి మొక్కుకున్న పోతుని వేటపోతు అంటారు. మొక్కు తీరాక "వేటని కోశాం" అంటారు. కోసింది చూస్తే ఇంట్లో పెంచిన జంతువు. దాన్ని ఎవరూ తరమలేదు, బాణం వెయ్యలేదు, ఉచ్చు పన్నలేదు. మెడకి పూలదండ వేసి, తాడు పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చారు. అయినా దాని పేరు వేట.

తెలంగాణ వెళ్తే ఇదే మాట యాట అయింది. "యాట కోసిండ్రు" అంటే మేకనో గొర్రెనో కోశారని. తెలుగు నిఘంటువుల్లో వేటకి మృగయ అనే అర్థంతో పాటు మేక, గొర్రె, బలికిచ్చే జంతువు అనే అర్థం కూడా కనబడుతుంది. అంటే ఇది ఒక్క కోనసీమ వాళ్లు కల్పించుకున్న వాడుక కాదు. తెలుగు నేలంతా పాకిన పాత అర్థం. గోదావరి డెల్టాలో అది ఇప్పటికీ బలంగా నిలబడింది.

ఇప్పుడు కొట్ల మీద ఎక్కువగా మటన్ అని రాస్తున్నారు. ఆ మాట చరిత్ర కూడా చూడదగిందే. 1066లో నార్మన్లు ఇంగ్లండుని జయించాక అక్కడ దొరల ఇళ్లలో ఫ్రెంచి నడిచింది. గొర్రెని కాసేవాడి భాషలో దాని పేరు షీప్. అది కూరై దొర బల్ల మీదికి వచ్చేసరికి మటన్ అయింది, ఫ్రెంచిలో ముతోన్ అంటే గొర్రె. ఆవు బీఫ్ అయింది, పంది పోర్క్ అయింది. పెంచేవాడి మాట పాకలో ఉండిపోయింది, తినేవాడి మాట బల్లెక్కింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథ కూడా ఇలాగే నడుస్తుంది.

వేట ఎక్కడి మాట

వేట సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నది కాదు, అచ్చమైన ద్రావిడ మాట. తమిళంలో వేట్టై, కన్నడంలో బేటె. తమిళంలో వేటగాడు వేడన్, వేట్టువన్. కన్నడంలో బేడ. గోండీ లాంటి మన అడవి భాషల్లో కూడా దీనికి దగ్గరి రూపాలే ఉన్నాయి. ఒకే వేరు నుంచి పనికీ పేరు వచ్చింది, ఆ పని చేసే జనానికీ పేరు వచ్చింది. అంటే ఈ మాట పుట్టినప్పుడు వేట ఒక సరదా కాదు, ఒక జనం బతుకు.

ఆ బతుకు మన దగ్గర ఇంకా జ్ఞాపకంగా ఉంది. చైత్రంలో విశాఖ మన్యంలో జరిగే ఇటుకల పండగ సంగతే తీసుకోండి. మగవాళ్లు వేటకి వెళ్తే, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పట్టి వచ్చేపోయే వాళ్ల దగ్గర డబ్బులు అడుగుతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడ చల్లి ఆటపట్టించేవారని వందేళ్ల కిందటి రాతల్లో ఉంది. అక్కడ వేట అంటే విత్తనం వేసే ముందు ఊరంతా కలిసి చేసే పని. దొరికింది ఊరిది.

కొండరెడ్ల గురించి హైమన్‌డార్ఫ్ 1945లో రాసిన పుస్తకానికి పేరే "బైసన్ కొండల రెడ్లు". బైసన్ అంటే అడవిదున్న. పాపికొండల దగ్గర మన కొండలకి బయటివాళ్లు పెట్టిన పేరు అది. ఆ కొండల మధ్య నుంచి వచ్చే గోదావరే ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ట పాయలుగా విడిపోయి కోనసీమని చుట్టుకుంటుంది. వెదురు, కలప ఆ నీళ్ల మీదే కిందికి దిగాయి.

వేట మాంసం ఎలా అయింది

అడవిలో వెంటాడే పని పేరు, ఇంట్లో పెంచిన మేక పేరు ఎలా అయింది? నాకు తోచిన దారి ఇది. మొదట వేట అంటే పని. తర్వాత ఆ పనిలో దొరికిన జంతువు. "వేట దొరికిందా?" అని అడిగితే పనిని అడగడం లేదు కదా, జంతువునే అడుగుతున్నాం. ఆ తర్వాత చంపడానికి సిద్ధం చేసిన ఏ జంతువైనా వేటే, ముఖ్యంగా దేవతకిచ్చేది. అడవిలో తెచ్చిన జంతువుని అమ్మవారికి పెట్టే అలవాటు, పొలాలొచ్చాక మందలోని పోతుని పెట్టే అలవాటుగా మారింది. జంతువు మారింది, పేరు మారలేదు. చివరికి జాతర నుంచి ఆ పేరు ఆదివారం కొట్టుకి చేరింది.

ఇలా జరగడం ఒక్క తెలుగులోనే కాదు. ఇంగ్లీషులో జింక మాంసాన్ని వెనిసన్ అంటారు. అది లాటిన్‌లో వేటాడటం అనే మాట నుంచి వచ్చింది. మొదట్లో వేటలో దొరికిన ఏ మాంసాన్నయినా అలాగే అనేవారు. మాంసం కొట్టేవాడిని ఇంగ్లీషులో బుచర్ అంటారు. అది పాత ఫ్రెంచిలో మేకపోతుకున్న పేరు నుంచి పుట్టింది. వాళ్లకి మేకపోతు నుంచి వ్యాపారి పేరొచ్చింది, మనకి వేట నుంచి మేక పేరొచ్చింది.

మన పురాణాల్లో కూడా ఈ జారుడు కనబడుతుంది. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ ఉంది. తెలుగులో దాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన రాశాడు. వ్యాధుడు అంటే వేటగాడు. కానీ ఆ కథలో అతను వేటాడడు. మిథిలా నగరంలో మాంసం కొట్టు పెట్టుకుని అమ్ముతుంటాడు. కౌశికుడనే బ్రాహ్మణుడు అతని దగ్గరికి ధర్మం తెలుసుకోవడానికి వస్తాడు. నేను చంపను, వేరేవాళ్లు చంపింది అమ్ముతాను అంటాడు వ్యాధుడు. నాగలితో దున్నేవాడు కూడా మట్టిలో ఎన్నో ప్రాణాల్ని చంపుతున్నాడు కదా అని కూడా అంటాడు. అంటే అప్పటికే వేటగాడనే పేరు పట్నంలో మాంసం అమ్మేవాడి మీదికి వచ్చేసింది. అడవి పేరు సంతలోకి దిగింది.

ఆ కథని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మాంసం అమ్మేవాడి చేత బ్రాహ్మణుడికి పాఠం చెప్పించారని గొప్పగా చెప్తారు. నిజమే. కానీ అదే కథలో వ్యాధుడు ఆ పుట్టుక ఎత్తడానికి కారణం పోయిన జన్మలో తగిలిన శాపం అని కూడా ఉంది. పోయిన జన్మలో అతను బ్రాహ్మణుడట. మాటకి గౌరవం ఇచ్చారు, పుట్టుకని మాత్రం శిక్షగానే ఉంచారు.

కసాయి, కటిక

జంతువుకి వేట అనే మంచి పేరు దొరికింది. మరి దాన్ని కోసేవాడికి?

అతనికి రెండు పేర్లున్నాయి, కసాయి, కటిక. అరబ్బీలో మాంసం కోసేవాడిని కస్సాబ్ అంటారు. కోయడం అనే ధాతువు నుంచి వచ్చిన మామూలు వృత్తి పేరు అది, మన కుమ్మరి, కమ్మరి లాగే. ఉర్దూలో కసాయి అయి, సుల్తానుల కాలంలో, నవాబుల కాలంలో దక్కనంతా పాకి తెలుగులో స్థిరపడింది. వచ్చినప్పుడు వృత్తి పేరే. ఇప్పుడు తెలుగు పేపరు తీస్తే "కసాయి తండ్రి", "కసాయి కొడుకు". తల్లిని బయటికి గెంటేసిన ఉద్యోగస్తుడూ కసాయే, కట్నం కోసం భార్యని చంపినవాడూ కసాయే. వాళ్లెవరూ జీవితంలో మేకని కోసినవాళ్లు కాకపోవచ్చు. "గొర్రె కసాయివాడినే నమ్ముతుంది" అనే సామెత ప్రతి ఎన్నికలకీ వినబడుతుంది. అందులో మోసగాడి పాత్ర మాంసం కొట్టువాడికే ఇచ్చారు.

కటిక సంగతి ఇంకొంచెం లోతు. సంస్కృతంలో ఖట్టిక అంటే మాంసం కోసి అమ్మేవాడు. ఉత్తరాదిన అది ఖటిక్ అయింది, మన దగ్గర కటిక అయింది. ఇటు తెలుగులో ఇంకో కటిక ఉంది: కటిక చీకటి, కటిక నేల, కటిక పేదరికం, కటిక ఉపవాసం. ఇక్కడ కటిక అంటే గట్టి, తీవ్రమైన, ఏ మెత్తదనమూ లేని. ఇది వేరు మాట. కానీ చెవికి రెండూ ఒకటే కావడంతో జనం మనసులో కలిసిపోయాయి. కటికవాడు అనగానే గుండె గట్టివాడు అనే అర్థం అతుక్కుంది. వృత్తి పేరు గుణం పేరైపోయింది.

తెలంగాణలో, రాయలసీమలో ఈ వృత్తి చేసేవాళ్లలో ఆరె కటికలు ముఖ్యులు. ఆరె అంటే మరాఠా వైపు నుంచి వచ్చినవాళ్లని. వాళ్లు మేక, గొర్రె మాంసమే అమ్ముతారు. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లో ఖటిక్‌లు షెడ్యూల్డు కులం. ఆంధ్ర, తెలంగాణల్లో ఆరె కటికలు బీసీ-డి. ఒకే వేరు నుంచి వచ్చిన పేరు, ఒకే వృత్తి. కానీ రాష్ట్రం సరిహద్దు దాటితే జాబితా మారిపోతుంది. జాబితాల గొడవ మనకి బాగా తెలిసిందే కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పను.

గమనించండి. తినేవాడికి ఏ చెడ్డపేరూ లేదు. తినే వస్తువుకి వేట అనే పాత, గౌరవమైన పేరుంది. చెడ్డపేరంతా కత్తి పట్టినవాడి మీదే పడింది.

మరి వేటగాడికి ఏమైంది?

వేటకి మన భాషలో ఇంకో పేరుంది, షికారు. ఇది ఫారసీ మాట, అసలు అర్థం వేటే. రాజులు, నవాబులు, జమీందార్లు, తెల్లదొరలు చేసిన వేట షికారు. ఏనుగులు, గుర్రాలు, తుపాకులు, డేరాలు, ముందు నడిచి జంతువుల్ని తోలడానికి మన కొండవాళ్లు. రానురాను ఆ మాట ఎంత మెత్తబడిందంటే, ఇవాళ షికారు అంటే సాయంత్రం అలా తిరిగి రావడం. పెళ్లాం పిల్లల్ని తీసుకుని గోదావరి గట్టు మీదికి షికారు వెళ్తాం. రక్తం వాసన పూర్తిగా పోయింది.

అదే కాలంలో మన వేట ఎటు వెళ్లిందో చూడండి. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. రిజర్వు అడవుల్లో వేటాడటం, ఉచ్చులు పెట్టడం, చేపల కోసం నీళ్లలో మందు కలపడం సర్కారు నియమాల కిందికి వెళ్లాయి. అడవి మనది అనుకున్నవాళ్లు ఆ అడవిలోనే అనుమతి అడగాల్సి వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో ఆ చట్టంలో లైసెన్సు తీసుకుని వేటాడే దారి ఒకటి ఉండేది. డబ్బూ తుపాకీ ఉన్నవాడికి పనికొచ్చే దారి అది. 1991 సవరణతో అదీ మూసేశారు. 2006 అటవీ హక్కుల చట్టం మనకి చాలా ఇచ్చింది: పోడు భూమికి పట్టా, చిన్నతరహా అటవీ ఫలసాయం, సామాజిక హక్కులు. అందులో సంప్రదాయ హక్కుల గురించి చెప్పిన చోట ఒక మినహాయింపు కూడా రాశారు. వేటాడే, ఉచ్చు పన్నే సంప్రదాయ హక్కు మాత్రం ఇందులో చేరదు అని.

అంటే దొర వేట షికారై సరదాగా మిగిలింది. మైదానంలో మేక వేట అయి కంచంలోకి వచ్చింది. ఆ మాటకి అసలు సొంతదారుల వేట మాత్రం కేసు అయింది.

తప్పుగా అర్థం చేసుకోకండి, మళ్లీ వేటాడదాం అని నేను చెప్పడం లేదు. జంతువులు తగ్గిపోయాయి. చట్టం గట్టిది, ఒక్క కేసు పడితే చదువు, ఉద్యోగం రెండూ పోతాయి. అడవి మిగలాలంటే జంతువులూ మిగలాలి, అది మనకంటే బాగా తెలిసినవాళ్లెవరూ లేరు. నేను చెప్పేది మాట గురించి. పని ఆగిపోయినా దాని పేరుతో ఎగతాళి ఆగలేదు, అది మాత్రం ఆగాలి.

కోనసీమలో మనవాళ్లు, ఎఱుకు అనే మాట

కోనసీమ షెడ్యూల్డు ప్రాంతం కాదు, కొండల్లేవు. కాబట్టి అక్కడ గిరిజనులే లేరని చాలామంది అనుకుంటారు. ఉన్నారు. ఎరుకలవాళ్లున్నారు, యానాదులున్నారు. కాలవ గట్ల మీద, ఊరి చివర ఉంటారు. ఎరుకలవాళ్లు బుట్టలల్లుతారు, పందుల్ని పెంచుతారు. తమని తాము కుర్రు అని చెప్పుకుంటారు, ఇంట్లో తమిళానికి దగ్గరి భాష మాట్లాడతారు.

ఎరుకల అనే పేరుకి ఎరుక చెప్పడం, అంటే సోది చెప్పడం అనే అర్థమే అందరూ చెప్తారు. కానీ పాత తెలుగు కావ్యాల్లో ఎఱుకు అంటే వేటగాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి రాసిన శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడు ఎఱుకు పిల్లవాడే. అడవిలో వేటాడిన మాంసం తెచ్చి శివుడికి పెట్టినవాడు. పూజారి మైల పడిందని బాధపడ్డాడు, దేవుడు మాత్రం తిన్నాడు. అదే తిన్నణ్ణి తమిళులు కణ్ణప్ప నాయనారు అని అరవైముగ్గురు నాయనార్లలో ఒకడిగా పూజిస్తారు. గుడిలో ఎఱుకు భక్తుడు.

గుడి బయట? 1871లో తెల్లవాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకలవాళ్లని పుట్టుకతోనే దొంగలని రాసి, వేలిముద్రలు తీసి, సెటిల్మెంట్లలో పెట్టారు. 1913లో మొదలైన స్టూవర్టుపురం అలాంటిదే. ఆ చట్టం 1952లో పోయింది. పేరు మీద పడిన మచ్చ ఇంకా పోలేదు.

మాంసం మాటల్లో ఉన్న మెట్లు ఇక్కడ బాగా కనిపిస్తాయి. మేకకి వేట అనే పేరుంది, బజారు మధ్యలో కొట్టుంది. ఎద్దు మాంసానికి చాటుమాటుగా "పెద్ద మాంసం" అనే పేరుంది. పంది మాంసానికి మర్యాద పేరే లేదు, ఊరి చివర గుడిసె ముందు అమ్మకం. ఒకే ఆదివారం, ఒకే ఊళ్లో, మూడు మాంసాలు మూడు మెట్ల మీద ఉంటాయి. అమ్మేవాళ్లు కూడా అవే మెట్ల మీద ఉంటారు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతి. కొండ మీద నుంచి వచ్చిన మన పిల్లల్లో కొందరు హాస్టల్లో తమని "అడవోళ్లు" అంటే బాధపడతారు. అదే పిల్లలు ఎరుకల ఇంటి కుర్రాణ్ణి "పందులోడు" అని పిలుస్తారు. ఎవడి మీదైనా కోపం వస్తే "కసాయోడు" అంటారు. పై మెట్టువాడు మన మీద వేసిన బరువుని కింది మెట్టువాడి మీద వేస్తే మనం తేలికపడం. ఆ మెట్లే ఇంకా గట్టిపడతాయి.

ఏం చేద్దాం

మూడు పనులు చేద్దామని నా మాట.

ఒకటి. ఈసారి హాస్టల్లో ఎవడైనా "వేటాడి తింటారంట కదా" అంటే గొడవపడొద్దు. "తమ్ముడూ, నువ్వు ఆదివారం తిన్న మాంసం పేరేంటి?" అని అడగండి. వేట అని వాడే చెప్తాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో అప్పుడు నిదానంగా చెప్పండి.

రెండు. కసాయి, కటిక అనే మాటల్ని తిట్లుగా వాడటం మన గ్రూపులో మానేద్దాం. చెడ్డవాణ్ణి చెడ్డవాడు అనడానికి తెలుగులో మాటలకి కరువు లేదు. పొద్దున్నే నాలుగింటికి లేచి, చేతులు కోసుకుంటూ పనిచేసి పిల్లల్ని చదివించుకునేవాడి వృత్తి పేరు దానికి అక్కర్లేదు.

మూడు. సెలవులకి ఊరెళ్లినప్పుడు ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. వేటకి మీ భాషలో ఏమంటారు, దొరికిన జంతువుని ఎన్ని వాటాలు వేసేవారు, ఏ వాటా ఎవరికి, ముసలివాళ్లకీ మొగుడు పోయిన ఆడవాళ్లకీ ఏది పెట్టేవారు, ఏ నెలలో ఏ జంతువుని ముట్టేవారు కాదు, వాటి పేర్లేంటి, ఇవన్నీ అడిగి రాసుకోండి. కోయ, కొండరెడ్డి, కొండదొర, వాల్మీకి, ఎరుకల, యానాది, ఎవరింట్లో విన్న మాట వాళ్లు రాయండి. వేట మాంసం అమ్మే కొట్టులో కిలో ధర మాత్రమే ఉంటుంది. పంచుకునే పద్ధతికి ఉన్న పేర్లు మన ముసలివాళ్ల దగ్గరే ఉన్నాయి, వాళ్లు పోతే అవీ పోతాయి.

రాసుకున్నవి ఈ గ్రూపులో పెట్టండి. అన్నీ ఒక చోట చేర్చే పని నేను చూసుకుంటాను.

జోహార్.